పాత పుస్తకాల బీరువా కొంటున్నారా? ముందు వీపు చూడండి!

మీ ఇంట్లో పుస్తకాలు ఎక్కడుంటాయి?

అడిగిన వెంటనే జవాబు చెప్పలేకపోయారు కదూ! ఫరవాలేదు, మనలో చాలామంది పరిస్థితి అదే. పిల్లల పుస్తకాలకి వాళ్ళ చదువుకునే బల్ల ఉంటుంది. శ్రీవారి కాగితాలకీ, ఫైళ్ళకీ ఇనప బీరువాలో తాళం పడే అర ఉంటుంది. మన పుస్తకాలే దిక్కులేనివి. పెళ్ళికి ముందు కొనుక్కున్న నవలలు, వారపత్రికల్లోంచి జాగ్రత్తగా విడదీసి బైండు చేయించుకున్న సీరియల్స్, నూనె మరకలు పడ్డ వంటల పుస్తకం, అమ్మమ్మ చదివిన భాగవతం... వీటిలో కొన్ని చీరల కింద, కొన్ని టీవీ బల్ల అడుగున, మిగిలినవి అటకమీద అట్టపెట్టెలో. ఏ దసరాకో ఇల్లు దులిపేటప్పుడు బయటికి తీసి, దుమ్ము దులిపి, నాలుగు పేజీలు తిరగేసి, నిట్టూర్చి మళ్ళీ అక్కడే పెట్టేస్తాం.

అందుకే, "ఒక మంచి పాతకాలపు అద్దాల బీరువా దొరికితే బాగుండును" అని మీకెప్పుడైనా అనిపిస్తే అది గొప్పకోసం పుట్టిన కోరిక కాదు. మీ పుస్తకాలకి ఇంట్లో ఒక చోటు కావాలన్న కోరిక. న్యాయమైనదే. అయితే ఆ బీరువాని ఎలా ఎంచుకోవాలో తెలియకపోతే పుస్తకాలకి చోటు దొరకడం మాట అటుంచి, ఉన్న పుస్తకాలే పోతాయి. నాకు అలాగే పోయాయి. ఆ కథ చెప్పాకే మిగతాది చెబుతాను.

అందం చూసి మోసపోయాను

ఓ పాత సామాన్ల కొట్లో చూశానండీ ఆ బీరువాని. ఆరడుగుల ఎత్తు, పైన నెమళ్ళు చెక్కిన కిరీటం, ఇత్తడి పిళ్ళు, తలుపులకి అలలు అలలుగా ఉన్న పాతకాలపు అద్దాలు. చూడగానే మనసు పారేసుకున్నాను. బేరం కూడా పెద్దగా ఆడలేదు. ఇంటికి తెచ్చి ముందుగదిలో గోడకి ఆనించి పెట్టించి, మా అమ్మ ఇచ్చిన బైండు పుస్తకాలన్నీ వరసగా సర్దాను. యద్దనపూడి, మాదిరెడ్డి, కోడూరి కౌసల్యాదేవి గార్ల సీరియల్స్ అవి. ప్రతి పుస్తకం వీపుమీదా పేరు అమ్మ స్వయంగా రాసుకుంది. వచ్చిన వాళ్ళంతా "ఎంత బాగుందో" అన్నారు. నేనూ మురిసిపోయాను.

రెండు వానాకాలాలు గడిచాయి. ఒకరోజు మా చెల్లెలు చదువుకుంటానంటే ఒక పుస్తకం లాగాను. వీపు నా చేతికొచ్చింది. వెనకాల పుస్తకం లేదు, మట్టి ఉంది! అద్దంలోంచి చూస్తే అన్నీ నిటారుగా నిలబడే ఉన్నాయి. లోపల మాత్రం చెదలు రెండు అరలు పూర్తిగా తినేశాయి. బీరువా ముందు భాగమంతా గట్టి టేకే. వీపు మాత్రం ఎవరో ఎప్పుడో మార్చి, సరుకుల పెట్టెల నాసిరకం చెక్క కొట్టారు. దానికితోడు నేను తీసుకెళ్ళి చెమ్మ గోడకి ఆనించాను. గోడలోంచి వచ్చిన చెదలకి ఆ నాసి చెక్క దారిచ్చింది. కొట్టువాడు ఒక తప్పు దాచాడు, నేను రెండు తప్పులు చేశాను. బీరువాని ముందునుంచి మాత్రమే చూడటం ఒకటి, గోడకి ఆనించడం రెండోది.

డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. అమ్మ చేతిరాత ఎక్కడ కొనుక్కుంటాం? మీకు అలా జరగకూడదనే ఇదంతా.

పాతదే ఎందుకు?

పుస్తకాలు చూడటానికి తేలికేగానీ వరసగా పేరిస్తే బరువే. అట్ట బైండు పుస్తకాలు అడుగు పొడవు వరసకి దాదాపు ఎనిమిది నుంచి పది కిలోలు తూగుతాయి. అంటే మూడడుగుల అరమీద ఒక బియ్యం బస్తా పెట్టినట్టే! రంపపు పొట్టుని జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు అరలు ఈ బరువుకి మధ్యలో కిందికి వంగిపోతాయి. చెమ్మ తగిలితే ఉబ్బి అంచులు విచ్చుకుంటాయి. వాటికి మళ్ళీ మరమ్మతు కూడా ఉండదు. పాతకాలపు బీరువా అలా కాదు. అర వంగితే తిరగేసి వేయవచ్చు, అద్దం పగిలితే మార్చవచ్చు, బందు ఊడితే బిగించవచ్చు. మన వీధి చివర వడ్రంగి బాగుచేయగలిగే వస్తువు అది.

కలప సంగతి కూడా ఉంది. ఒకప్పుడు బర్మానుంచి ఓడలమీద టేకు మన తీరానికి వచ్చేది. కేరళలోని నీలంబూరులో 1840లలోనే టేకు తోటలు పెంచారు. అక్కడి కనోలీ తోట 1846 నాటిది. అప్పటి వడ్రంగులకి ముదురు మాను కలప దొరికేది. టేకు చేవలో సహజంగా ఉండే నూనె చెదల్ని దగ్గరికి రానివ్వదు. గోద్రెజ్ వారు 1923లో ఉక్కు బీరువాలు చేయడం మొదలుపెట్టాక, క్రమంగా ఇళ్ళలో చెక్క బీరువాలు వెనకగదులకి వెళ్ళిపోయాయి. ఇనప బీరువా బట్టలకీ నగలకీ మంచిదే. కానీ మూసిన తలుపు వెనక పుస్తకం ఉందన్న సంగతే మరిచిపోతాం. అద్దాల తలుపుంటే కంటికి కనిపిస్తుంది, కనిపిస్తే చెయ్యి వెళుతుంది.

ముందు ఇంట్లో కొలతలు

కొట్టుకి వెళ్ళేముందు పుస్తకాలన్నీ నేలమీద పరవండి. ఎత్తును బట్టి మూడు కుప్పలు చేయండి. ఒకప్పుడు 'ఇంటింటా సొంత గ్రంథాలయం' అంటూ ఎమెస్కో వారు వేసినలాంటి పాకెట్ పుస్తకాలు ఏడంగుళాల ఎత్తుంటాయి. మామూలు నవలలు ఎనిమిదిన్నర. వారపత్రికల బైండులు పదకొండు దాకా వస్తాయి. ప్రతి కుప్పనీ వరసగా నిలబెట్టి టేపుతో కొలవండి. మొత్తం ఎన్ని అడుగులో తేలుతుంది. దానికి మరో పావువంతు కలుపుకోండి, ఎందుకంటే పుస్తకాలు పెరిగేవేగానీ తరిగేవి కావు.

ఇక లోతు. పుస్తకాలకి పది, పన్నెండంగుళాల లోతు చాలు. కొట్లలో "పుస్తకాల బీరువా" అని చూపించేవాటిలో చాలా భాగం నిజానికి బట్టల బీరువాలే. వాటి లోతు అడుగున్నర పైనే. అలాంటిది కొంటే రెండు వరసలు పెడతాం, వెనక వరస జీవితంలో బయటికి రాదు. బీరువా పెట్టే చోటే కాదు, వీధి గుమ్మం, మెట్ల మలుపు, లిఫ్టు తలుపు కూడా కొలిచి కాగితంమీద రాసుకోండి. ఇల్లు చేరిన బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుంటే ఆ తంటా అంతా ఇంతా కాదు!

ఎక్కడ వెతకాలి?

మొట్టమొదట బంధువుల ఇళ్ళలో. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. పల్లెటూళ్ళో అత్తగారింట్లోనో, మేనమామగారి పెరటి గదిలోనో కాలు విరిగిన బీరువా ఒకటి విత్తనాల సంచులు మోస్తూ ఉంటుంది. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడుతున్నారని తెలిస్తే వెంటనే ఫోన్ చేయండి. అలాంటప్పుడు చాలామంది ఆ బీరువాల్ని పాతసామాన్ల వాడికి కట్టెల లెక్కన ఇచ్చేస్తారు. తరవాత వాటినే మెరుగుపెట్టి మనకి "యాంటిక్" అని అమ్ముతారు. పాత వకీళ్ళ ఆఫీసులు ఖాళీ చేసేటప్పుడు కూడా మంచివి బయటపడతాయి. ఒకదానిమీద ఒకటి పేర్చుకునే గూళ్ళు, పైకెత్తి లోపలికి తోసే అద్దాల తలుపులు ఉంటే వదలకండి. అమెరికాలో గ్లోబ్-వెర్నికీ కంపెనీ పేరు తెచ్చిపెట్టిన పద్ధతి అది. వాటిని బారిస్టర్ బీరువాలంటారు. గూడు గూడుగా విడదీసి మెట్లమీద మోసుకెళ్ళవచ్చు, చిన్న ఇళ్ళకి ఎంతో అనువు.

కొట్లంటారా, హైదరాబాదులో పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమ్మెరాత్ బజారు ఉంది. తమిళనాడు వెళ్ళే పనుంటే కారైక్కుడిలో చెట్టియార్ల పాత భవనాలనుంచి వచ్చిన సామాను అమ్మే వీధే ఉంది, అక్కడ బర్మా టేకు ఎక్కువ. ఎక్కడికి వెళ్ళినా పగటి వెలుగులో వెళ్ళండి. సాయంత్రం పసుపు దీపాల కింద ప్రతి బీరువా బంగారంలాగే కనిపిస్తుంది.

వీపు చూడండి

కొట్లో బీరువా ఎప్పుడూ గోడకి ఆనుకునే ఉంటుంది. "కాస్త ముందుకి జరుపు బాబూ" అని అడగండి. "బరువండీ, జరగదమ్మా" అంటే, "అలా అయితే వద్దులే" అని రెండడుగులు వేయండి. తప్పకుండా జరుగుతుంది.

వీపుకి పలకలు పలకలుగా చెక్క వేసి ఉంటే మంచి లక్షణం. ఏళ్ళు గడిచేకొద్దీ చెక్క అడ్డంగా కుదించుకుపోతుంది కాబట్టి పలకల మధ్య సన్నటి సందులుంటాయి, భయపడనక్కర్లేదు. వీపు మొత్తం ప్లైవుడ్ గానీ హార్డ్‌బోర్డు గానీ అయితే ఆ వీపు తరవాత మార్చినదన్నా కావాలి, బీరువా అంత పాతది కాదన్నా కావాలి. మార్చినంత మాత్రాన పనికిరాదని కాదు, ధర తగ్గాలి. మట్టి గీతల్లాంటి మరకలు కనిపించాయా? అవి చెదలు నడిచిన దారులు. ఒక్కసారి చెదలు పట్టిన చెక్కని గోరుతో నొక్కి చూడాల్సిందే. లోపల డొల్లగా ఉంటే గోరు దిగిపోతుంది. వేలి కణుపుతో తట్టినా తెలుస్తుంది. గట్టి చెక్క 'టక్' అంటుంది, డొల్ల చెక్క 'డబ్' అంటుంది, పుచ్చకాయ కొనేటప్పుడు మనం చేసే పనే ఇది.

తరవాత అడుగుభాగం. వంగోండి, సిగ్గుపడకండి. కోళ్ళ కొసలు చూడండి. తడిగుడ్డ తగిలి, వాననీళ్ళు తగిలి ముందు పాడయ్యేది అక్కడే. కోళ్ళు కొత్తగా అతికించినవైతే రంగులో తేడా పట్టేస్తుంది.

తరవాత అరలు. ఒక అరని బయటికి తీయించండి. ముప్పావు అంగుళం మందముంటే రెండున్నర, మహా అయితే మూడడుగుల వెడల్పు వరకూ బరువు మోస్తుంది. అంతకన్నా వెడల్పుంటే మధ్యలో ఆసరా ఉండాలి. తీసిన అరని కంటి ఎత్తుకి పట్టుకుని అంచువెంబడి చూస్తే వంపు తెలుస్తుంది.

పొడి రాలుతోందా?

చెదలకన్నా మాయలాడి మరొకటి ఉంది. చెక్కలో గుండుసూది తలంత బెజ్జాలు, కింద మెత్తటి పిండి. మనవాళ్ళు "పుచ్చు పట్టింది" అనేది దీన్నే. బెజ్జాలు కనిపించగానే పారిపోనక్కర్లేదు. పురుగు ఎప్పుడో వెళ్ళిపోయి బెజ్జాలు మాత్రం మిగిలి ఉండవచ్చు. బెజ్జం అంచులు మాసి నల్లబడితే పాతది. అంచులు పదునుగా, లోపల తెల్లగా ఉండి, తడితే పిండి రాలితే పురుగు లోపలే ఉంది. అనుమానముంటే బీరువా కింద నల్ల కాగితం పరిచి మర్నాటిదాకా ఉంచమని అడగండి. మర్నాడు కాగితంమీద తెల్లటి పిండి ఉంటే ఆ బీరువా జోలికి వెళ్ళకండి.

ఈ పురుగు ఎక్కువగా తినేది మాను అంచున ఉండే లేత రంగు చెక్కని. అందుకే టేకైనా సరే, తెల్లటి చారలున్న పలకలు ఎక్కువుంటే ఆలోచించుకోండి. బెజ్జాల్లో లప్పం కూరి పైన ముదురు రంగు వేసి దాచేవాళ్ళున్నారు. లోపలి భాగానికి కూడా దట్టంగా కొత్త రంగు వేసి ఉంటే ఎందుకు వేశారో అడగండి. పాత బీరువాల లోపల సాధారణంగా రంగుండదు.

నిజంగా పాతదేనా?

నాసి చెక్కతో నిన్నగాక మొన్న చేసి, ముదురు రంగు పూసి, గొలుసుతో గీతలు పెట్టి "నిజాం కాలం నాటిదమ్మా" అని అమ్మేవాళ్ళున్నారు. కనిపెట్టడం కష్టం కాదు.

అరుగుదల చూడండి. మన ఇంట్లో గడప మధ్యలోనే అరుగుతుంది కదా! అలాగే బీరువా కూడా చెయ్యి తగిలేచోటే అరుగుతుంది. తాళం బెజ్జం చుట్టూ, పిడి పక్కన, సొరుగు అడుగు అంచున, చీపురు తగిలే కింది చెక్కన. అంతటా సమానంగా గీతలుంటే అవి ఎవరో కావాలని పెట్టినవే.

మరలు చూడండి. తలమీద ఒకే గీత ఉన్న మరలు పాతవి. కూడిక గుర్తులా ఉండే మర తలకి అమెరికాలో పేటెంటు వచ్చిందే 1936లో. మన వడ్రంగుల చేతికి అది వచ్చేసరికి ఇంకా చాలా కాలం పట్టింది. ఒకటి రెండు ఉంటే మరమ్మతు అనుకోవచ్చు. అన్నీ అవే అయితే బీరువాయే కొత్తది.

అతుకులు చూడండి. సొరుగు పక్కమూలల్లో రెండు చేతులవేళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు పళ్ళు పళ్ళుగా కలిసి ఉండాలి. తలుపు చట్రంలో ఒక కర్ర కొస చెక్కి రెండోదాని బెజ్జంలో దింపి చెక్క మేకు కొట్టి ఉండాలి. మేకులూ జిగురే ఆధారమైతే అది పాత పనితనం కాదు.

కలప గురించి ఒక్క మాట. టేకు బంగారు గోధుమ రంగులో నల్లటి చారలతో, పట్టుకుంటే కాస్త జిడ్డుగా ఉంటుంది. రోజ్‌వుడ్, అదే మన జిట్రేగి, ఊదా కలిసిన ముదురు రంగులో ఇంకా బరువుగా ఉంటుంది. రంగు పైపూత అయితే కనిపించని మూలలో గీస్తే కింద తెల్లటి చెక్క బయటపడుతుంది. కానీ కొనకముందు గీయడం మర్యాద కాదు కదా, అందుకని వెళ్ళేటప్పుడు మీకు తెలిసిన వడ్రంగిని వెంట తీసుకువెళ్ళండి. ఆయనకిచ్చే ఒక పూట కూలి మీకు బోలెడు ఖర్చు తప్పిస్తుంది.

బేరం ఇలా

ధర చెప్పగానే ఎంతకిస్తావని మొదలుపెట్టకండి. ముందు లోపాలన్నీ లెక్కపెట్టండి. పగిలిన అద్దం, లేని తాళంచెవి, వదులైన బందులు, మార్చిన వీపు. వాటి మరమ్మతు ఎంతవుతుందో వడ్రంగినడిగి, బండి కూలీ, మోత కూలీ కలిపి, బీరువా ధరకి చేర్చండి. ఆ మొత్తానికి అదే కొలతతో కొత్త టేకు బీరువా చేయించుకోగలిగితే పాతదానికోసం తాపత్రయం అనవసరం. వీపు, అరలు, అతుకులు బాగుండి, అద్దాలూ తాళాలూ పాడైన బీరువాయే మనకి లాభసాటి. అద్దం బజార్లో దొరుకుతుంది, మంచి అతుకు దొరకదు. నెమళ్ళ కిరీటానికి ఎక్కువ డబ్బివ్వకండి. పుస్తకం నిలబడేది అరమీద, నెమలిమీద కాదు!

ఇంటికొచ్చాక

తిన్నగా ముందుగదిలోకి తేకండి. వరండాలోనో, ఖాళీ గదిలోనో కనీసం రెండు వారాలు ఉంచి, కింద కాగితం పరిచి గమనించండి. పురుగు చెక్క లోపలే నెలల తరబడి ఉండి, ఆ తరవాత బెజ్జం చేసుకుని బయటికొస్తుంది. అందుచేత మొదటి ఏడాదంతా ఓ కన్నేసి ఉంచడం మంచిది. పిండి రాలితే పురుగుమందు కొట్టేవాళ్ళని పిలవండి. కిరసనాయిలు పోయకండి, పురుగు చావడం మాట దేవుడెరుగు, వాసన పుస్తకాలకి పడుతుంది, నిప్పు భయం ఒకటి.

బీరువాకి రంగు వేసి ఉంటే జాగ్రత్త సుమా! పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసంమీద మనదేశంలో గట్టి పరిమితి అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము గాలిలో కలుస్తుంది. చిన్నపిల్లలకీ గర్భిణులకీ అది విషమే. ఇంట్లో గీకించకండి. రంగు గట్టిగా ఉంటే పైన కొత్త పూత వేయించడమే మేలు.

రంగు లేని చెక్కయితే మళ్ళీ పాలిష్ పెట్టాలని తొందరపడకండి. సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. మురికి వదిలితే చాలావాటికి ఇంకేమీ అక్కర్లేదు. పాత పాలిష్ ఏదో తెలియకపోతే కనిపించని మూలలో స్పిరిట్ అద్దిన దూదితో తాకండి. జిగటగా కరిగితే అది లక్క పాలిష్, చిన్నచిన్న గీతలు పాలిష్ చేసేవాడు అక్కడికక్కడే సరిచేయగలడు.

ఇంట్లోనే మైనం మెరుగు

తేనెమైనం వంద గ్రాములు తురమండి. వేడినీళ్ళ గిన్నెలో చిన్న గిన్నె పెట్టి కరిగించండి. స్టవ్ పూర్తిగా ఆర్పేసి, ఆ గిన్నెని వంటింట్లోంచి బయటికి తెచ్చాక మాత్రమే మూడువందల మిల్లీలీటర్ల టర్పెంటైన్ పోసి కలపండి. టర్పెంటైన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి మంట దగ్గర ఈ పని చేయనే వద్దు. చల్లారితే వెన్నలా అవుతుంది. మూత గట్టిగా పెట్టి పిల్లలకి అందకుండా ఉంచండి. మెత్తటి పాత నూలు గుడ్డతో పల్చగా రాసి, పావుగంట ఆగి, మరో గుడ్డతో మెరిసేదాకా రుద్దండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. కొబ్బరినూనె మాత్రం రాయకండి. రెండు రోజులు మెరిసి ఆపైన జిడ్డుకట్టి దుమ్ము పట్టేస్తుంది.

పెట్టే చోటు, పిల్లలున్న ఇల్లు

గోడకి రెండు మూడంగుళాల ఎడం ఉంచండి. స్నానాల గది గోడ, వాన జల్లు కొట్టే గోడ, వంటింటి ఆవిరి వచ్చే చోటు, పడమటి ఎండ పడే చోటు పనికిరావు. కాకినాడ, బందరు, విశాఖలాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఇంకా జాగ్రత్త. కోళ్ళ కింద రాతి పలకలు పెడితే తడి గుడ్డ పెట్టినప్పుడు నీళ్ళు అంటవు.

చిన్నపిల్లలుంటే బీరువాని పై భాగంలో ఇనప బద్దీలతో గోడకి బిగించి తీరాలి. అరలు వాళ్ళకి మెట్లలా కనిపిస్తాయి. ఎక్కితే బీరువా మీదపడుతుంది. బరువైన పుస్తకాలు కింద, తేలికవి పైన సర్దండి. పుస్తకాలు బిగించి కుక్కకండి, గాలి ఆడాలి. నెలకోసారి తలుపులు తెరిచి, ఏ వరసలో అయినా నాలుగు పుస్తకాలు తీసి వెనక్కి చూడండి. ఆ ఒక్కపని చేసి ఉంటే మా అమ్మ పుస్తకాలు బతికుండేవి.

కలరా ఉండలు వేస్తారా? పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకుంటారు. పైగా పుట్టుకతో జీ-6-పీడీ అనే ఎంజైము తక్కువున్న పసివాళ్ళకి ఆ ఆవిరే రక్తకణాల్ని చెడగొడుతుంది. ఎండబెట్టిన వేపాకు, వసకొమ్ము పల్చటి గుడ్డలో కట్టి పెట్టుకోండి. కానీ వాటినే నమ్ముకుని తలుపులు తెరవడం మానకండి.

విదేశాల్లో ఉన్న అమ్మాయికి పంపాలనుకుంటే

"అమ్మమ్మ బీరువా నాకు పంపించెయ్యమ్మా" అని అమెరికానుంచి అమ్మాయి అడగవచ్చు. తొందరపడి ఓడకెక్కించకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళాత్మకమైన, చారిత్రకమైన వస్తువుల్ని మనంతట మనం దేశం దాటించడానికి లేదు. మీది ఆ కోవలోకి రాదని పురావస్తు శాఖ దగ్గర పత్రం తీసుకోవడం క్షేమం. రోజ్‌వుడ్ అయితే మరో చిక్కు. 2017 జనవరినుంచి ఆ కలప అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలో ఉంది, వేరే అనుమతులు కావాలి.

చీటీ రాసుకోండి

కొట్టుకి వెళ్ళేటప్పుడు పర్సులో పెట్టుకోవలసినవి: కొలతల కాగితం, టేపు, చిన్న టార్చిలైటు, నల్ల కాగితం. చూడవలసిన వరస: వీపు, అడుగు, అరలు, బెజ్జాలు, అతుకులు, మరలు, ఆఖరున ముఖం. ఆ వరస తప్పించి ముందు ముఖం చూశారో, నాలాగే మనసు పారేసుకుంటారు!

చివరగా

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న బీరువా ఏ కొట్లోనూ కొన్నది కాదు. మా మేనత్తగారింట్లో నలభై ఏళ్ళపాటు ఊరగాయ జాడీలు మోసింది. ఒక అద్దం లేదు, తాళం లేదు, చెక్కడం పనైతే అసలే లేదు. "అదెందుకే నీకు, కట్టెలకి ఇచ్చేద్దామనుకున్నాను" అంది అత్తయ్య. వెనక్కి తిప్పి చూశాను. వీపంతా టేకు పలకలు, ఒక్క బెజ్జం లేదు. ఉప్పూ నూనె మరకలు తుడవడానికి వారం పట్టింది. ఒక మూల ఎంత తుడిచినా ఆవపిండి ఘాటు పోలేదు. అక్కడ వంటల పుస్తకాలు పెట్టాను, మాలతీ చందూర్ గారి 'వంటలు-పిండివంటలు' మొదటిది.

చెదలు వదిలేసిన అమ్మ పుస్తకాలు పదకొండు. వాటిని మళ్ళీ బైండు చేయించి పై అరలో పెట్టాను. 1947 జూలైలో మొదలైన చందమామ ఇప్పుడు రావడమే లేదు, పిల్లల కోసం అమ్మ దాచిన పాత సంచికలు రెండో అరలో ఉన్నాయి. మూడో అర నాది. మిగతా అరలు ఖాళీగా ఉన్నాయి. ఉండనివ్వండి, నిండుతాయి.

ఈ ఆదివారం మీరు ఓ పని చేయండి. చీరల కిందనుంచి, అటకమీదనుంచి మీ పుస్తకాలన్నీ బయటికి తీసి టేపుతో కొలవండి. ఎన్ని అడుగులొస్తాయో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఆ తరవాత పుట్టింటికో, అత్తింటికో ఫోన్ చేసి, పెరటి గదిలో ఉన్న ఆ పాత బీరువా సంగతేమిటో కనుక్కోండి. వెళ్ళి చూసినప్పుడు మాత్రం మరిచిపోకండి, ముందు వీపు!